సలహాల పద్దు

ఈ నెల ఉత్తరాల్లో ఐదింటికి జవాబు రాస్తున్నాను. అడిగిన సంగతులు వేరువేరు, కానీ చివరికొచ్చేసరికి అందరూ "ఇంతకీ ఎవరి మాట వినాలండీ?" అనే ముగించారు. మొదటి ఉత్తరంలో నా తప్పు కూడా ఉంది. అందుకని దాన్నే ముందు పెట్టాను.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. వయసు 67. ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరితే మళ్ళీ వేద్దామని బ్యాంకుకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి "మాస్టారూ, దీనికంటే మంచిది ఉంది, వడ్డీ ఎక్కువ, పైగా ఇన్సూరెన్స్ కూడా" అంటూ నాలుగు చోట్ల సంతకాలు పెట్టించుకుంది. 3 లక్షలు ఒక్కసారి కడితే చాలంది. పాలసీ ఇంటికొచ్చాక మా అల్లుడు చదివి, ఏటా 3 లక్షల చొప్పున పదేళ్ళు కట్టాలని చెప్పాడు. నా పెన్షన్‌తో అయ్యే పనేనా? వెనక్కి ఇవ్వడానికి 15 రోజులే గడువని మీ శీర్షికలోనే చదివాను. నాకు పాలసీ వచ్చి 19 రోజులైంది. ఇక వదులుకోవాల్సిందేనా? ఇకమీదట ఎవర్ని నమ్మాలి? అల్లుడు మ్యూచువల్ ఫండ్స్ అంటాడు. తమ్ముడి కొడుకు ఇన్సూరెన్స్ ఏజెంటు, తన దగ్గరే తీసుకోమంటాడు.
— ఒక మాస్టారు, తెనాలి

జవాబు: మాస్టారూ, 15 రోజులని రాసింది నేనే, అది తప్పు. నేను బ్యాంకు సర్వీసులో ఉన్నప్పుడు మామూలుగా అదే గడువు. 2018లో రిటైరయ్యాను. 2024 ఏప్రిల్ నుంచి బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ దాన్ని 30 రోజులు చేసింది. పాలసీ కాగితం మీ చేతికి అందిన రోజు నుంచి లెక్క. రూలు మారిందేమోనని ఒకసారి చూసుకోకుండా జ్ఞాపకం మీద రాసేశాను. పత్రిక అచ్చయ్యేదాకా ఆగితే ఈ 30 రోజులూ దాటిపోతాయని, ఉత్తరం చదివిన సాయంత్రమే సంపాదకుల దగ్గర మీ నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఆ రోజు మీరు నన్ను ఒక్క మాటైనా అనలేదు. అనుంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మీతో ఫోన్‌లో చెప్పిందే మిగతావారి కోసం రాస్తున్నాను. పాలసీ వద్దనుకుంటే ఉత్తరం రాయాల్సింది బ్యాంకుకి కాదు, ఇన్సూరెన్స్ కంపెనీకి. ఎందుకు వద్దో ఒక వాక్యం చాలు: "ఒక్కసారి కడితే చాలని చెప్పారు, పాలసీలో పదేళ్ళు కట్టాలని ఉంది." పాలసీ నంబరు, మీ బ్యాంకు ఖాతా వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేయాలి. కంపెనీ బ్రాంచిలో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోవాలి. అదే ఉత్తరాన్ని ఈమెయిల్‌లో కూడా పంపాలి. బ్యాంకు అమ్మాయి "నాకివ్వండి సార్, నేను చూసుకుంటా" అంటే ఇవ్వొద్దు. ఆ కాగితం 31వ రోజు దాకా డ్రాయరులోనే ఉండిపోవచ్చు. గడువులోపు ఇస్తే, అన్ని రోజులు బీమా ఉన్నందుకు అయిన ఖర్చు, వైద్య పరీక్షలు చేయించి ఉంటే వాటి ఖర్చు, స్టాంపు డ్యూటీ మినహాయించుకుని మిగతాది తిరిగివ్వాలి. ఇవ్వకపోతే ముందు ఆ కంపెనీలోనే ఫిర్యాదు, తర్వాత 'బీమా భరోసా' పోర్టల్, అక్కడా కాకపోతే ఇలాంటి తగవులు తీర్చడానికి హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఆ అమ్మాయిని తిట్టుకోవద్దని నేను చెప్పను, తిట్టుకోండి. కానీ అలాంటి కుర్చీలో నేనూ కూర్చున్నాను. మార్చి వచ్చిందంటే పై ఆఫీసు నుంచి రోజూ ఒకటే ఫోను: ఈ రోజు ఎన్ని పాలసీలు? 2009 మార్చిలో మా బ్రాంచి ఎదురుగా ఇడ్లీ బండి నడిపే ఆవిడ 60 వేలు డిపాజిట్ వేయడానికి వచ్చింది. నేను ఆమెకు పాలసీ అంటగట్టాను. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆవిడ అడగనిది చెప్పలేదు, అంతే. మూడో ఏట కట్టలేకపోయింది. చేతికొచ్చింది కట్టినదాంట్లో సగం కూడా లేదు. ఆ తర్వాత కూడా ఆవిడ మా బ్రాంచికి ఉదయం పూట టీ పంపించేది. ఆ టీ తాగడం నాకు చాలా కష్టంగా ఉండేది.

ఇక ఎవర్ని నమ్మాలన్నది. సలహా చెప్పేవాళ్ళని మొహమాటం లేకుండా ఒకటి అడగండి: "ఇది నేను తీసుకుంటే మీకేం వస్తుంది, తీసుకోకపోతే ఏం పోతుంది?" బ్యాంకు అమ్మాయికైతే టార్గెట్. తమ్ముడి కొడుక్కి కమీషన్, అదీ మొదటి ఏడాది ప్రీమియం మీద ఎక్కువ. కమీషన్ తీసుకోవడం నేరం కాదు. ఎంతో నోరు తెరిచి చెబితే ఆ అబ్బాయితో ఇంకా మాట్లాడవచ్చు. "పెదనాన్నా, నువ్వు కూడా అలా అడుగుతావా" అంటూ నొచ్చుకుంటే టీ ఇచ్చి పంపించండి.

అల్లుడుగారికి మీ వల్ల వచ్చేదేమీ లేదు, నిజమే. కానీ లాభం లేనంత మాత్రాన తెలివి ఉన్నట్టు కాదు. ఆయన్ని అడగాల్సింది వేరే. 2020 మార్చిలో కరోనా దెబ్బకి మార్కెట్ కుప్పకూలినప్పుడు ఆయన ఏం చేశాడు? భయపడి అమ్మేశాడా, ఉంచుకున్నాడా, అసలప్పటికి మొదలే పెట్టలేదా? మొదలు పెట్టింది ఆ తర్వాతే అయితే ఆయన ఎండాకాలంలో వంతెన మీద నుంచి ఏరు చూసినవాడు. వరద సంగతి ఇంకా తెలియదు.

డబ్బు తీసుకుని సలహా చెప్పేవాళ్ళ దగ్గరికి వెళ్తానంటే, షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ దగ్గర రిజిస్టరైన అడ్వైజర్లకి ఐఎన్‌ఏ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. సెబీ వెబ్‌సైట్లో మీ అల్లుడు రెండు నిమిషాల్లో చూసిపెడతాడు. నెలకింత గ్యారంటీ అని షేర్ల గురించి ఎవరైనా అన్నారంటే ఇక నంబరు కూడా చూడక్కర్లేదు.

మీ వయసుకి పోస్టాఫీసులో, బ్యాంకుల్లో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. 30 లక్షల దాకా వేయవచ్చు, ఐదేళ్ళు, మూడు నెలలకోసారి వడ్డీ. దాని గురించి మీకెవరూ ఫోన్ చేసి చెప్పరు. చెబితే వాళ్ళకి వచ్చేదేమీ ఉండదు మరి.

ప్రశ్న: మా పాపకి రెండు నెలలు. మా అత్తయ్య ముగ్గురు పిల్లల్ని, ఇద్దరు మనవల్ని పెంచారు. ఉక్కపోతగా ఉంది, గుక్కెడు నీళ్ళు పట్టమంటారు. నాలుక మీద తేనె రాయమంటారు. కాటుక పెట్టకపోతే కళ్ళు చిన్నవైపోతాయంటారు. స్నానం అవగానే సాంబ్రాణి పొగ. నన్నేమో బాలింతవి, నీళ్ళు ఎక్కువ తాగకూడదంటారు. డాక్టర్ గారు తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దన్నారు. ఫోన్ తెరిస్తే రీల్స్‌లో ఇంకో లోకం. "మేమంతా ఇలాగే పెరగలేదా" అని అత్తయ్య అంటే నాకు జవాబు తోచదు. మా ఆయన "మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగొద్దు" అనేసి ఆఫీసుకి వెళ్ళిపోతారు.
— కొత్త అమ్మ, కూకట్‌పల్లి

జవాబు: అమ్మాయ్, మీ అత్తయ్య చెప్పినవన్నీ ఒకే మూట కట్టి పూర్తిగా మోయడమో, పూర్తిగా పారేయడమో అనుకుంటున్నావు. మూట విప్పు.

తేనె వద్దు. ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పెద్దవాళ్ళని ఏమీ చేయవు కానీ, పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం పుట్టిస్తాయి. దానివల్ల ఒళ్ళు వాలిపోతుంది, ఊపిరి అందదు. ఎప్పుడో ఒకరికి వచ్చేదే గానీ, వస్తే ఆస్పత్రిపాలే. ఆరు నెలల దాకా నీళ్ళూ వద్దు. పాపకి కావలసిన నీళ్ళు నీ పాలలోనే ఉన్నాయి, మన ఎండల్లో కూడా. రెండు నెలల పిల్ల పొట్ట ఎంతుంటుంది! నీళ్ళతో నిండితే పాలు తాగదు. నువ్వు మాత్రం దాహం వేసినప్పుడల్లా తాగు. కాటుక కంట్లో పెట్టవద్దు, కొన్నిటిలో సీసం ఉంటుంది. దిష్టి చుక్క కావాలంటే అరికాలికి పెట్టుకోండి, ఈ వయసులో చెయ్యి అక్కడిదాకా పోదు. పొగ పాప గదిలో వద్దు.

ఒంటికి నూనె రాసి నీళ్ళు పోయడం, కాళ్ళు బారజాపి వాటి మీద బిడ్డని పడుకోబెట్టుకోవడం, ఏ ఏడుపు ఆకలి, ఏ ఏడుపు నిద్ర అని చెప్పడం, వీటిలో మీ అత్తయ్యే డాక్టరు. ఏ రీల్ చూసినా నీకది రాదు. ఆవిడ చేతులు చూసి నేర్చుకో. నేను నా మొదటి బిడ్డకి నీళ్ళు పోయబోతే చెయ్యి జారింది. మా అత్తగారు ఒక్క మాటా అనకుండా కొంగు బిగించుకుని నా చేతిలోంచి బిడ్డని తీసుకున్నారు.

"మేమంతా పెరగలేదా" అన్నదానికి జవాబు ఉంది, కానీ అది ఆవిడ మొహం మీద చెప్పేది కాదు. మా నాయనమ్మ తొమ్మిది మందిని కన్నది. ఆరుగురు మిగిలారు. చెప్పే ప్రతి వైద్యానికీ ఆ ఆరుగుర్నే చూపించేది. పోయిన ముగ్గురికీ అదే వైద్యం జరిగి ఉంటుందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఇంకోటి చెబుతాను విను. మా ఊళ్ళో గేదె ఈనితే దూడకి ముందు ముర్రుపాలు తాగించాల్సిందే, లేకపోతే దూడ దక్కదని పసివాడికి కూడా తెలుసు. అదే ఊళ్ళో, అదే ఇళ్ళలో, బాలింత తొలిపాలు మంచివి కావని పిండి పారబోసేవారు. దూడ విషయంలో ఎవరూ అడ్డురాలేదు కాబట్టి చూసి నేర్చుకున్నారు. బిడ్డ విషయంలో నలుగురి నోళ్ళు అడ్డం వచ్చాయి.

డాక్టర్లు తప్పు చెప్పరా అంటావేమో. చెప్పారు. అమెరికాలో, యూరప్‌లో ఏళ్ళ తరబడి పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమని పిల్లల డాక్టర్లే పుస్తకాల్లో రాశారు. నిద్రలో పోతున్న పిల్లల్ని లెక్క తీస్తే వాళ్ళలో బోర్లా పడుకున్నవాళ్ళే ఎక్కువని తేలింది. 1990ల మొదట్లో మాట మార్చి వెల్లకిలా పడుకోబెట్టమన్నారు, ఆ చావులు బాగా తగ్గాయి. డాక్టర్ గారి మాటకి నేను ఎక్కువ మార్కులు వేసేది అందుకే. వాళ్ళు పోయినవాళ్ళని కూడా లెక్కపెడతారు, లెక్క తప్పితే మాట మారుస్తారు. నువ్వు కూడా పాపని వెల్లకిలానే పడుకోబెట్టు.

పదో వారం టీకా దగ్గర పడుతోంది కదా, ఈసారి అత్తయ్యని కూడా వెంట తీసుకెళ్ళు. తేనె సంగతి, నీళ్ళ సంగతి ఆవిడనే అడగనివ్వు. నీ నోటి నుంచి వింటే ఓడిపోయినట్టుంటుంది. డాక్టర్ నోటి నుంచి నేరుగా వింటే, మర్నాటి నుంచి అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆవిడే చెబుతుంది. మీ ఆయన్ని కూడా తీసుకెళ్ళు, బ్యాగు మోయడానికైనా పనికొస్తారు.

ప్రశ్న: అమ్మా, పల్నాడు జిల్లాలో మూడెకరాలు కౌలుకి తీసుకుని మిర్చి వేశాను. 2021లో నల్ల తామరపురుగు వచ్చి పూత మొత్తం రాలిపోయింది. ఆ అప్పు ఇంకా తీరలేదు. ఇప్పుడు మళ్ళీ పూతలో పురుగు కనిపిస్తోంది. మందుల షాపాయన మూడు మందులు, ఒక టానిక్ కలిపి నాలుగు రోజులకోసారి కొట్టమంటున్నాడు. వ్యవసాయ సహాయకుడు అన్నేసి మందులు వద్దు, పురుగు అంటుకునే నీలం జిగురు అట్టలు పెట్టు, వేపనూనె కొట్టు అంటున్నాడు. పక్క చేనాయన ఏదో బయో మందు తెచ్చాడు. మా అబ్బాయి యూట్యూబ్‌లో ఇంకోటి చూపిస్తాడు. షాపాయన దగ్గర నాకు ఖాతా ఉంది. ఆయన మాట కాదంటే రేపు అరువు ఇస్తాడో ఇవ్వడో.
— కౌలు రైతు, పల్నాడు

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో అసలు ముడి చివరి వాక్యంలో ఉంది. షాపాయన చెప్పిన మందు పనిచేస్తుందా అని నువ్వు ఆలోచించలేకపోతున్నావు, ఆ ఆలోచనకి ముందే అప్పు అడ్డం పడుతోంది.

ముందే చెబుతున్నా, నేను వ్యవసాయ శాస్త్రవేత్తని కాను. పంట రుణాలు ఇచ్చిన బ్యాంకుదాన్ని, మిర్చి వేసే ఇంటి కోడల్ని. 2021లో మా మరిది చేలో కూడా నీకు జరిగినట్టే జరిగింది. పువ్వు దులిపితే అరచేతిలో నల్లగా నలుసుల్లా కదిలేవి. ఆయన భయంతో మూడు రోజులకోసారి కొట్టాడు. కొట్టిన మర్నాడు తగ్గినట్టుండేది, నాలుగో రోజుకి మళ్ళీ అంతే. శాస్త్రవేత్తలు తర్వాత వివరంగా చెప్పారు. ఈ పురుగు పువ్వు లోపల దాక్కుంటుంది, కొంతకాలం మట్టిలో ఉంటుంది, పైన కొట్టే మందు అన్నిటికీ తగలదు. పైగా అన్నిరకాల పురుగుల్నీ చంపే గట్టి మందులు పదేపదే కొడితే దీన్ని తినే మిత్రపురుగులు ముందు చస్తాయి. అప్పుడిది ఇంకా రెచ్చిపోతుంది. మా మరిది ఆ ఏడు మందులకి పెట్టింది పెట్టి, చివరికి చేను దున్నేశాడు. షాపు బిల్లు మాత్రం కట్టాడు.

అలాగని షాపాయన దొంగ, సహాయకుడు దేవుడు అని నేననను. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఎత్తేది షాపాయనే. పంట పోయిన ఏడు మళ్ళీ అరువిచ్చిందీ ఆయనే, బ్యాంకు కాదు. కౌలు కాగితం లేదని నీలాంటివాళ్ళని ఎంతమందిని నేనే తిప్పి పంపానో! మనకి ఎవరు అందుబాటులో ఉంటే వాళ్ళ మాటే నిజమనిపిస్తుంది. కానీ ఆయన దగ్గర ఉన్నవి సీసాలు. చేనుకి ఈ వారం ఏమీ కొట్టనక్కర్లేదన్నది సరైన సలహా అయిన రోజున, ఆ సలహా ఇవ్వడానికి ఆయన దగ్గర సరుకు లేదు.

ఇలా చేసి చూడు. పూతతో ఉన్న రెండు రెమ్మలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి రైతు సేవా కేంద్రానికి (మనమింకా భరోసా కేంద్రమనే అంటున్నాం) పట్టుకెళ్ళు. నల్ల తామరపురుగేనా, మామూలు తామరపురుగా, నల్లి పురుగా, ముందు పేరు తేల్చుకో. పేరు తేలకుండా మందు చెప్పినవాడి మాట ఎవరిదైనా పక్కన పెట్టు. సహాయకుడికి అనుమానముంటే గుంటూరు పక్కన లాం ఫారంలో మిర్చి శాస్త్రవేత్తలున్నారు, ఫొటో వాళ్ళకి పంపించమను. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. వాళ్ళు సీసాలు అమ్మరు.

తర్వాత షాపాయన దగ్గరికి వెళ్ళు. గొడవ వద్దు. "అన్నా, ఈ మూడూ బిల్లు మీద పేర్లు రాసి ఇవ్వు, మోతాదు కూడా రాయి" అను. నోటితో తేలిగ్గా చెప్పే మనిషి రాయమనేసరికి కొంచెం ఆగి ఆలోచిస్తాడు. మూడు కాస్తా రెండు కావచ్చు. డబ్బాలో ఉండే కరపత్రం పారేయకు, మీ అబ్బాయితో చదివించు. ఏ పంటకి, ఏ పురుగుకి, ఎకరానికి ఎంత, కొట్టాక ఎన్ని రోజులకి కోయాలి, అన్నీ అందులో ఉంటాయి. మిర్చి పేరు, నీ చేలో పురుగు పేరు అందులో లేకపోతే ఆ మందు నీ కోసం చేసింది కాదు. డబ్బా మీద త్రికోణం రంగు చూడు: ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. అదే త్రికోణం, అదే రిజిస్ట్రేషన్ నంబరు పక్క చేనాయన బయో సీసా మీద ఉన్నాయేమో చూడు. పురుగు చస్తుందని అమ్ముతూ రిజిస్ట్రేషన్ నంబరు లేదంటే అందులో ఏముందో తయారు చేసినవాడికే తెలియాలి.

ఒకేసారి మూడు కలిపి కొడితే, పురుగు చచ్చినా దేనికి చచ్చిందో తెలియదు, ఆకు మాడినా దేనికి మాడిందో తెలియదు. వచ్చేసారి కూడా మూడూ కొనాల్సిందే. అందుకని ఓ మూల పది సాళ్ళు విడిచిపెట్టు. అక్కడ సహాయకుడు చెప్పినట్టు మాత్రమే చేయి, నీలం అట్టలు, వేపనూనె. మిగతాది నీ ధైర్యం చెప్పినట్టు చేయి. వారానికోసారి రెండు చోట్లా పది పదిహేను పూలు దులిపి లెక్కపెట్టి రాసుకో. ఎవరి మాట నిజమో షాపాయనా చెప్పక్కర్లేదు, నేనూ చెప్పక్కర్లేదు, ఆ పది సాళ్ళు చెబుతాయి.

అప్పు సంగతి వేరే మాట్లాడుకో, వేరే రోజున. "పంట రాగానే పాత బాకీలో ఇంత కడతాను" అని ఒక అంకె చెప్పు. అరువిచ్చేవాడికి కావలసింది తన డబ్బు తిరిగి రావడం. మందు తక్కువ కొని పంట దక్కించుకున్న రైతు, మందు ఎక్కువ కొని చేను దున్నేసిన రైతు కంటే ఆయనకీ మంచి ఖాతాదారుడే. తెలివైన షాపాయనైతే అర్థం చేసుకుంటాడు.

ప్రశ్న: మేడమ్, ఈఏపీసెట్ రాశాను. ర్యాంకు 40 వేలు దాటింది. మా ఇంటర్ లెక్చరర్ ఒక ఇంజనీరింగ్ కాలేజీ పేరు చెప్పి, అందులో ముందే సీటు మాట్లాడుకోమంటున్నారు. సీనియర్లు కంప్యూటర్ సైన్స్ తప్ప ఏదీ వద్దంటున్నారు. కౌన్సెలింగ్‌లో ఇచ్చే జాబితాలో మంచి కాలేజీలు పైన పెడితే మన ర్యాంకుకి అసలు సీటే రాదని ఒకరంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
— ఓ విద్యార్థి, ఒంగోలు

జవాబు: బాబూ, ఆ లెక్చరర్ గారికి నిన్ను చేర్పిస్తే ఆ కాలేజీ ఏమైనా ఇస్తుందేమో మీ నాన్నగారిని కనుక్కోమను. మంచివారే అయ్యుండొచ్చు, అడిగితే తప్పులేదు.

చివరాయన చెప్పింది మాత్రం తప్పు. వెబ్ ఆప్షన్లలో నీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు నీ జాబితాని పైనుంచి కిందికి చూస్తారు. సీటు ఖాళీగా ఉన్న మొదటి ఆప్షన్ నీకిస్తారు. పైన రానివి పెట్టినంత మాత్రాన కిందవి పోవు. కాబట్టి నీకు నిజంగా ఇష్టమైన వరసలో పెట్టు, కింద పోయిన ఏడాది నీ ర్యాంకుకి వచ్చినవి కూడా చాలినన్ని పెట్టు. పోయిన ఏడాది చివరి ర్యాంకుల జాబితా కౌన్సెలింగ్ సైట్లోనే ఉంటుంది, ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. కాలేజీ గురించి తెలుసుకోవాలంటే ఆఫీసులో కాదు, ఆ కాలేజీ బయట టీ కొట్టు దగ్గర మూడో సంవత్సరం పిల్లల్ని అడుగు. మొదటి సంవత్సరం వాళ్ళకింకా తెలియదు, నాలుగో సంవత్సరం వాళ్ళు ఉద్యోగాల దిగుల్లో ఉంటారు.

ప్రశ్న: ప్రతి నెలా ఇంతమందికి ఇన్ని చెబుతుంటారు. మీ మాట మేమెందుకు నమ్మాలి? కోపంతో అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.
— పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అడగాల్సిందే. మీకు నా దగ్గరున్న ఒక పుస్తకం సంగతి చెబుతాను.

1992 మార్చిలో కౌంటర్లో నా పక్కన కూర్చునే కొలీగ్ మాట విని 24 వేలు పెట్టి షేర్లు కొన్నాను. అప్పట్లో అది నాకు చాలా పెద్ద డబ్బు. ఏప్రిల్‌లో షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. నా 24 వేలు 9 వేలకి దిగాయి. ఆ కోపంలో, ఏటా బ్యాంకు ఇచ్చే డైరీ వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టాను. తేదీ, సలహా ఎవరిచ్చారు, ఏమని, ఎందుకని, పక్కన ఒక ఖాళీ గడి. ఆ గడి ఏడాదికో రెండేళ్ళకో నిండుతుంది. మా వారు దాన్ని సలహాల పద్దు అనేవారు. మొదట్లో అది ఆ కొలీగ్‌ని తిట్టుకోవడానికి పెట్టిన పుస్తకమే, దాచుకోవడమెందుకు.

అందులో అన్నీ చిల్లర సంగతులే. "ప్లంబర్: మోటారు మార్చాలి, 6 వేలవుతుంది. ఎదురింటి మెకానిక్: వాషర్ పోయింది. 40 రూపాయలు. ఇప్పటికీ తిరుగుతోంది." "అత్తగారు: బియ్యం డబ్బాలో ఎండుమిరపకాయలు వేస్తే పురుగు రాదు. తక్కువగా వచ్చింది." "చుట్టపాయన: మెట్లు తూర్పుకి తిప్పితే కలిసొస్తుంది. తిప్పలేదు. కలిసి రావడం, రాకపోవడం మామూలుగానే ఉంది."

2003 దసరాకి ఒక పద్దు ఉంది. మా వారికి గుండెల్లో మంటగా ఉందంటే ఇంట్లో అందరం గ్యాస్ అన్నాం. వాము నమలమన్నాం, సోడా తెప్పించాం. పండగ పూట చూసిపోదామని వచ్చిన ఆ షేర్ల కొలీగే ఆయన నుదుటి మీద చెమట చూసి, చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా ఆటో ఎక్కించాడు. గుండెపోటు. ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. వాళ్ళ నాన్నగారు అలాగే, గ్యాస్ అనుకుంటుండగానే పోయారట. మా వారు ఆ తర్వాత పదిహేనేళ్ళు బతికారు. ఆ మనిషికి నేను 1992లో సున్నా వేసి, ఇక ఏ విషయంలోనూ ఆయన మాట వినకూడదని ఎర్ర ఇంకుతో రాసిపెట్టాను. ఆ రాత ఇంకా ఉంది, కొట్టేయలేదు. దాని కిందే దసరా పద్దు రాసుకున్నాను. ఆ తర్వాత కూడా ఆయన షేర్ల గురించి చెప్పేవారు. నేను కాఫీ ఇచ్చి వినేదాన్ని, కొనేదాన్ని కాదు.

ఇక మీరడిగింది. 2011 నుంచి నా పేరున కూడా ఒక పేజీ ఉంది, నేను ఇతరులకిచ్చిన సలహాలకి. మొదటి పద్దు ఇడ్లీ బండి ఆవిడది, రెండేళ్ళు ఆలస్యంగా రాసుకున్నాను. మా తమ్ముడిని ఊరి చివర స్థలం కొనొద్దన్నాను, ఇప్పుడక్కడ గజం ధర వాడు నాకు ఏటా రాఖీ రోజున గుర్తుచేస్తాడు. మా చెల్లెలి కూతుర్ని మంచి సంబంధమని తొందరపెట్టాను. ఆ గడిలో ఏం రాశానో ఇక్కడ చెప్పలేను. డబ్బు కాగితాల విషయంలో, అప్పుల విషయంలో గళ్ళు కాస్త నయంగానే ఉన్నాయి. పెళ్ళిళ్ళు, స్థలాల విషయంలో బాగాలేవు. అందుకే ఈ శీర్షికకి వచ్చే సంబంధాల ఉత్తరాలు చాలావరకు సంపాదకులకే తిప్పి పంపుతుంటాను.

ఈ నెల నా పేజీలో రాసుకున్న కొత్త పద్దు ఒకటే: "పాలసీ వాపసుకి 15 రోజులని రాశాను. తప్పు, 30. తెనాలి మాస్టారి ఉత్తరం చూశాక తెలిసింది." మాస్టారు 21వ రోజున కంపెనీ ఆఫీసుకి వెళ్ళి స్టాంపు వేయించుకున్నారు. డబ్బు ఖాతాలో పడగానే ఫోన్ చేస్తానన్నారు. ఇది రాసే వేళకి ఫోన్ రాలేదు, గడి ఖాళీగానే ఉంది.